తెలియని చెంప

పరమాన్నం గిన్నె పెరట్లో బోర్లా పడి ఉంది. బెల్లం రంగు మెతుకులు మట్టిలో కలిసి ఇంకా పొగలు కక్కుతున్నాయి. రైల్వే క్వార్టరు గోడ మీద కాకులు చేరాయి.

విసిరింది అత్తగారు అప్పలనర్సమ్మ.  కోడలు కనకం గరిటె చేత్తో పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయింది.

"నేనేటి చేసినాను అత్తా?"

"ముందు నోరు తుడుచుకో."

కనకం చెయ్యెత్తి పెదవులు తడుముకుంది. కుడి మూల పొడిగా ఉంది. ఎడమ మూల దగ్గర వేళ్ళకు తడి తగిలింది. గడ్డం దాకా తడే. ఎప్పటినుంచి కారుతోందో ఆమెకు తెలీదు. కలకత్తా ఆస్పత్రిలో ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఎడమవైపు ముఖం ఆమెకు ఏ సంగతీ చెప్పడం మానేసింది.

"గిన్నెలోనే పడ్డాది. నా కళ్ళారా చూసినాను. వొంగి కలుపుతున్నావు, తీగలాగ దిగింది. ఇవాళేటి రోజు? మీ మావకి పెట్టుకునే రోజు. ఏడాదికోసారి ఆకు ముందుకొస్తాడు ఆ మనిషి. ఆయనకి ఎంగిలి కూడు పెట్టమంటావేటి?"

"చూసుకోలేదు అత్తా."

"చూసుకోడమేటే? ఎవల నోరు వాళ్ళకి తెలీదేటి?"

కనకం గరిటె గట్టు మీద పెట్టి వంటింట్లోంచి బయటికి వచ్చేసింది.

ముందు వసారాలో అయిదేళ్ళ కూతురు చిన్నతల్లి చింతగింజలతో ఆడుకుంటోంది. అమ్మ రావడం చూసి గింజలు గౌనులో పోసుకుని మెల్లగా పక్కింటి వైపు జరిగింది. ఈ ఇంట్లో గొంతులు లేస్తే బయటికి పోవాలని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. దానంతట అదే నేర్చుకుంది.

అప్పలనర్సమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ సంగతి అందరికన్నా కనకానికే బాగా తెలుసు. గాలి తగిలినా, నీళ్ళు తగిలినా, ఒక్క మాట పలికినా ఎడమ దవడలో నిప్పు తీగ లాగినట్టయ్యే ఆ ఏళ్ళలో, ఈ అత్తే ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో గంజి పోసింది. రతన్‌పూర్ మహామాయ అమ్మవారికి మొక్కుకుని ఎండలో కాలినడకన వెళ్ళి వచ్చింది. నొప్పి పోయిందని కలకత్తా నుంచి కొడుకు తంతి కొడితే, వీధంతా తిరిగి బెల్లం పంచింది.

అందుకే ఇప్పుడు అత్తకు అర్థం కావడం లేదు. జబ్బు పోయిన మనిషి ఇంకా జబ్బు మనిషిలా ఎందుకు ఉండాలి?

జగన్నాథం ఆ రోజు సగం పూట సెలవు అడిగి రైలింజన్ల షెడ్డు నుంచి ఇంటికి వచ్చాడు. తండ్రి పేరున ఆకు వెయ్యవలసింది అతనే. బాయిలర్ ఫిట్టరు, ఎంత తోమినా గోళ్ళ సందుల్లో నలుపు పోదు. పెరట్లో గిన్నె చూశాడు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్న భార్యను చూశాడు. అతని నోట ఎప్పుడూ వచ్చే ప్రశ్నే వచ్చింది.

"నొప్పొచ్చిందేటి?"

"లేదు."

"మరేటి?"

కనకం కొంగుతో గడ్డం తుడుచుకుంది. 'లేదు' అన్న మాట వినగానే అతని ముఖం విచ్చుకుంటుంది. ఆ తరవాత చెప్పవలసింది ఏదైనా ఆమె నోట్లోనే ఉండిపోతుంది. గ్లాసుతో నీళ్ళు తాగుతుంటే అంచు సగం విరిగిపోయినట్టు ఉంటుందని, ఎన్ని గ్లాసులు మార్చినా అన్నిటికీ సగం అంచే ఉంటోందని ఈ మనిషికి ఎలా చెప్పాలి? తన పెళ్ళాన్ని చావు నోట్లోంచి లాక్కొచ్చానని షెడ్డులో కనబడినవాడికల్లా చెప్పుకుంటున్న మనిషికి?

"మరేటంటే నన్నడుగు," అంది లోపలినుంచి అప్పలనర్సమ్మ. "పరమాన్నంలో నోటి నీరు కార్చీసింది నీ పెళ్ళాం."

"కావాలని చేసిందేటమ్మా?"

"కావాలని చేసిందని నానన్నానా? ఇవాల్టి నుంచి వంటింట్లోకి రావొద్దంటున్నాను, అంతే. కూరలు తరగనీ. బట్టలుతకనీ. పొయ్యి ముట్టుకోవద్దు."

"ఎన్నాళ్ళు?"

"నోరు బాగైందాకా."

"అమ్మా, ఆ మాట ఆమె ముందు..."

"ఆమె ముందు కాకపోతే ఎవల ముందంటాను? పొద్దున్నుంచి పచ్చినీళ్ళు ముట్టలేదు నాను. నువ్వు చెప్పరా జగ్గా. ఆ గిన్నెలోది మీ నాన్న ఆకులో నీ చేత్తో వడ్డిస్తావా? ఊఁ అను. పొయ్యి మీదున్న అన్నం కూడా ఆమె చేతే వార్పిస్తాను."

జగన్నాథం ఊఁ అనలేదు.

కనకం అతని వైపు చూడకుండా ఉండడానికి వీధి వైపు చూసింది. కుదుదండ్ పేట నుంచి పాలు తెచ్చి పోసే ఆమె ఖాళీ బిందెలతో తిరిగి వెళ్తోంది. తల్లి మాటకు ఎదురు చెప్పమని కనకం భర్తను ఎన్నడూ అడగలేదు, ఇప్పుడూ అడగదు. ఏదో ఒకటి తొందరగా అంటే చాలుననుకుంది. అతను అనేసరికి పాలామె మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

"అచ్ఛా, మళ్ళీ వండమ్మా," అన్నాడు.

అప్పలనర్సమ్మ స్నానం చేసి, తడిబట్టతో మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చుంది. ఒక్కతే అన్నీ మళ్ళీ చేసింది. జగన్నాథం తండ్రి పేరున ఆకు వేసి, వడ్డించి, నీళ్ళు చుట్టూ తిప్పి దణ్ణం పెట్టుకున్నాడు. కనకం గడప ఇవతల నుంచే చేతులు జోడించింది.  మామగారు బతికున్న రోజుల్లో ఇంత నిశ్శబ్దంగా అన్నం తిని ఎరగడు.

తరవాత జగన్నాథం తనకు ఒక ఆకు, పక్కన ఇంకో ఆకు వేశాడు.

"కనకం, రా. నువ్వూ కూర్చో."

"నేను తరవాత తింటాను. మీరు కానివ్వండి."

"నాన్నకి పెట్టిన కూడు. అందరం ఒక్క బంతిలో తినాలి."

"వెనక గదిలో తింటాను."

కలకత్తా నుంచి వచ్చాక ఆమె తింటుండగా అతను చూసింది లేదు. మొదట్లో గంజి, తరవాత మెత్తగా పిసికిన అన్నం, వెనక గదిలో తలుపు చేరవేసుకుని తినేది. సగం గొరిగిన తలతో నలుగురిలో కూర్చోడానికి సిగ్గుపడుతోందేమో అనుకున్నాడు. జుట్టు పెరిగింది, చెవి మీద కుట్ల మచ్చ కూడా మూసుకుపోయింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. డ్యూటీల మనిషి, పట్టించుకోలేదు.

ఇవాళ పట్టించుకున్నాడు. తల్లి మీద కోపమూ, తల్లికి జవాబు చెప్పలేని తన మీద కోపమూ కలిసి భార్య మీదికి మళ్ళాయి.

"వంటింట్లోంచి అమ్మ పొమ్మంది. బంతిలోంచి నీకు నువ్వే పోతావేటి? కూర్చో. నా ముందు తిను."

కనకం కూర్చుంది.

ముద్ద చిన్నది చేసింది. నోరు తెరవగానే కింది దవడ ఎడమవైపుకు ఒరిగింది, ఒక బందు ఊడిన తలుపులాగ. ముద్దను నాలుకతో కుడివైపుకు తోసి ఆ పళ్ళతో నమిలింది. సగం నలిగేసరికి అన్నం ఎడమ బుగ్గలోకి జారిపోయింది. అక్కడ ఉందో లేదో ఆమెకు తెలీదు. బుగ్గను బయటినుంచి వేళ్ళతో నొక్కి చూసి, ఉబ్బు తగిలిన చోట కుడివైపుకు తోసింది. రాకపోతే వేలు నోట్లో పెట్టి తీసింది. అదంతా తల వంచుకుని, గబగబా, రోజూ చేసే పనిలాగ చేసింది.

జగన్నాథం ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

అతను చూస్తున్నాడని ఆమెకు తెలుసు. ఆకులో గారె ఉంది. ఒకప్పుడు గారెలంటే ఆమె ప్రాణం. ఇది కూడా తినగలనని చూపిస్తే అతనికి కాస్త ధైర్యంగా ఉంటుందనుకుంది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుని గట్టిగా నమిలింది. మళ్ళీ నమిలింది.

పెదవి మూల నుంచి ఎర్రటి చార గడ్డం మీదికి దిగింది. ఆమె నములుతూనే ఉంది.

"కనకం."

తలెత్తి అతని కళ్ళు చూసింది. ఏదో అయిందని తెలిసి ఆకు వైపు చూసుకుంది. అన్నం మీద ఎర్రటి చుక్కలున్నాయి. చూస్తుండగానే ఇంకొకటి పడింది.

"బుగ్గ కొరుక్కున్నావు," అన్నాడు జగన్నాథం. 

"అవుతాదలాగ." కొంగుతో ఒత్తుకుంది. ఎక్కడ ఒత్తుకుంటోందో తెలియక రక్తం బుగ్గంతా పూసుకుంది.

అప్పలనర్సమ్మ వడ్డించే గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా ఇది చూడడం ఇదే మొదలు.

"తెలీలేదేటే నీకు?"

"తెలీదత్తా."

"అంత కండ తెగితే?"

"ఆ పక్క ఏటి చేసినా తెలీదు." వాళ్ళిద్దరి ముఖాలూ చూసి కనకం నవ్వడానికి ప్రయత్నించింది. "భయపడకండి. నాగ్‌పూరు సూదిమందు దిగినట్టే ఇదీ దిగిపోతాది. అప్పుడు ఏడాది పట్టింది. ఇది పెద్ద ఆపరేషను, ఇంకా ఎక్కువ పడతాదేమో. పొద్దున్నే లేచి కోడీకతో రాసుకుని చూసుకుంటున్నాను. మొన్న కణత దగ్గర కొంచం తెలిసినట్టే ఉన్నాది."

రెండేళ్ళ కిందట నాగ్‌పూర్ డాక్టరు బుగ్గలోకి పొడిచిన సూదిమందుతో ఆమె ముఖం ఇలాగే మొద్దుబారింది. ఏడాది తిరిగేసరికి స్పర్శ వచ్చింది. స్పర్శతో పాటే నొప్పీ తిరిగి వచ్చింది. ఈసారి నొప్పి రాకుండా స్పర్శ ఒక్కటే వస్తుందని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నాళ్ళూ వెనక గది తలుపు వేసుకుంది.

జగన్నాథం ఆకులోనే చెయ్యి కడిగేశాడు. పెద్దల పేరున పెట్టింది సగంలో వదలకూడదని తెలిసిన మనిషే.

"దిగిపోతాది కదా?" అంది కనకం.

అతను నీళ్ళ చెంబు తనకెదురుగా పెట్టుకున్నాడు.

"ఏట్రా, అడుగుతోంది కదా," అంది తల్లి.

"సూదిది వేరమ్మా. అది మందు. ఇది కోసీసినారు."

"కోస్తేనేటి? విరిగిన ఎముకే అతుకుతాది."

"ఇది అతకదు." అతను భార్య వైపు తిరగలేదు. ఎదురుగా ఉన్న నీళ్ళ చెంబుకు చెబుతున్నట్టు చెప్పాడు. "నరం మొదట్లో కోసినారు. అతికితే నొప్పి తిరిగొస్తాది. అతక్కూడదనే అక్కడ కోసినారు. దవడకి కొంత బలం రావచ్చన్నాడు. స్పర్శ మటుకు రాదన్నాడు. ఎప్పటికీ."

"ఎవరు?" అంది కనకం.

"డాక్టరు. వరండాలోకి పిలిచి చెప్పినాడు."

"ఎప్పుడు?"

యార్డులో షంటింగ్ ఇంజను పెట్టెల్ని గుద్దింది. గుద్దిన చప్పుడు పెట్టె నుంచి పెట్టెకు పాకుతూ దూరంగా వెళ్ళి ఆగేదాకా జగన్నాథం నోరు తెరవలేదు.

"కోసే ముందు. మొదటిసారి చూపించుకోడానికి వెళ్ళినప్పుడే."

కనకం చెంప మీద కొంగు అలాగే ఒత్తిపెట్టుకుని ఉంది.

"నాతో కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉంటాదని చెప్పినారు మీరు."

"చెప్తే వొద్దంటావని భయమేసింది. అంతకు ముందే కదా నువ్వు రైలు లైను మీదికి నడిచెళ్ళిపోయినావు. పట్టాలు మార్చే పాయింట్సుమన్ చూడబట్టి లాగినాడు. ఇంకోసారి ఎవలూ చూడకపోతే..." 

"వొద్దనను. ఒప్పుకుందును."

"మరయితే..."

"ఒప్పుకుందును," అంది మళ్ళీ. గొంతు పెంచలేదు. "ముఖం మొత్తం తీసీస్తానన్నా ఒప్పుకుందును అప్పుడు. నన్ను చంపడానికి కాదు, బతికించడానికే కదా మీరు చెప్పలేదు. నాకు తెలుసు. కానీ ఒక్క పూట ఆగమందును."

"ఒక్క పూటకేటవుతాది కనకం?"

"పాప చేత ముద్దెట్టించుకుందును."

అప్పలనర్సమ్మ గిన్నె కింద పెట్టింది.

"పాప బోర్లా పడకముందే మొదలైంది నాకీ నొప్పి," అంది కనకం. మాట మాటకూ దవడ ఒరుగుతోంది. "పాలు తాగుతూ ఒకసారి బుగ్గ మీద చెయ్యేసింది. నేను పెట్టిన కేకకి పిల్ల నీలుక్కుపోయింది. అప్పటినుంచి నా ముఖం ముట్టుకోనివ్వలేదు ఎవరూ. మీరు కళ్ళెర్రజేసినారు, అత్త చెయ్యి పట్టుకుని లాగింది, నేను దూరంగా తోసినాను. నొప్పి పోనీ, అప్పుడు కడుపారా పెట్టించుకుంటాననుకున్నాను. కలకత్తా బండెక్కినప్పుడు కూడా అదే అనుకున్నాను. మీరు చెప్పుంటే ఆ రోజే పెట్టమందును. ప్రాణం పోయేంత నొప్పొచ్చినా పెట్టించుకుని, అప్పుడు కోయించుకుందును. ఒక్కసారి తెలిసుండేది నాకు."



కనకం ఆకు మడిచి తీసి, పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించింది. ఎడమ మూల నుంచి ఎర్రటి నీళ్ళు జాకెట్టు మీదికి కారాయి. చూసుకుని తుడుచుకుని లోపలికి వచ్చింది.

"రేపు రాయపూర్ బండికి బొబ్బిలి పోతాను. అన్నయ్య దగ్గరికి."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

"పాప?"

"తీసుకెళ్తాను."

"పిల్లని తీసుకుపోకే," అంది అప్పలనర్సమ్మ. పొద్దున గిన్నె విసిరినప్పటి గొంతు కాదది. "వంటింటి మాట కోపంలో అన్నాను. నువ్వొచ్చి వండుకో. అది లేకపోతే ఈ ఇంట్లో నానేటి చూసుకుని బతకను?"

"కోపంలో అనలేదత్తా. ఉన్నమాటే అన్నావు. నా నోరు నాకు తెలీదు."

అదే సమయానికి చిన్నతల్లి పక్కింటి నుంచి వచ్చి గడప మీద నిలబడింది. లోపల గొంతులు తగ్గాయని వచ్చినట్టుంది. జగన్నాథం కూతురిని చూసి, ఏం అడగాలో తోచక, అదే అడిగేశాడు.

"అమ్మతో బొబ్బిలి వెళ్తావేటమ్మా?"

చిన్నతల్లి తల్లి ముఖం వైపు చూసింది.

"అమ్మకి కోపం పోయిందా?"

"కోపమేటమ్మా?" అంది కనకం.

"నా మీద."

"నీ మీద నాకెందుకు కోపం?"

"ముద్దెట్టినా చూడవు కదా."



"ఎప్పుడు పెట్టినావమ్మా?"

"రోజూ పెడతాను. నువ్వు కిటికీ దగ్గర కూర్చుంటావు కదా. ఎనకనించి మెల్లగా వస్తాను. పెట్టీసి అక్కడే నిలబడతాను. నువ్వు చూడవు. అప్పుడు ఎళ్ళిపోతాను."

రోజూ వెనక పాదాల చప్పుడు కనకం వింటూనే ఉంది. పిల్ల ఆడుకుంటోందనుకుంది.

"ఏ పక్క పెట్టినావు?"

చిన్నతల్లి వేలెత్తి చూపించింది. ఎడమ పక్క.

"మామ్మ అటే పెట్టమంది. అటు బాగైపోయింది, ఇంక నొప్పెట్టదు అంది."

కనకం అత్త వైపు చూసింది. అప్పలనర్సమ్మ గుమ్మం పట్టుకుని మెల్లగా కిందికి కూర్చుండిపోయింది.

"నాకేటి తెలుసే తల్లీ," అంది. "బాగైన పక్కనుకున్నాను. పిల్ల భయం పోగొడదామనుకున్నాను."

కనకం చెయ్యి ఎడమ చెంప మీదికి వెళ్ళింది. చేతికి చెంప తెలిసింది. చెంపకు చెయ్యి తెలియలేదు. తను ఏళ్ళ తరబడి ఎదురుచూసినవన్నీ ఆ చెంప మీదికి వచ్చి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయాయి. ఆమె కళ్ళలోంచి నీళ్ళు దిగాయి. కుడివైపు వేడిగా దిగడం తెలిసింది. ఎడమవైపు చేతికి తగిలితేనే తెలిసింది.

నేల మీద మోకాళ్ళూని కూర్చుని ముఖం పక్కకు తిప్పింది.

"ఇటు పెట్టమ్మా. ఈ పక్క నాకు తెలుస్తాది."

చిన్నతల్లి గడప దాటలేదు. కుడి చెంపను ఆ పిల్ల ఎన్నడూ ముట్టుకోలేదు. ముట్టుకోకూడని ముఖంలో బాగుచేసింది ఒక్క పక్కే అని దానికి తెలుసు. రెండోది ఇంకా బాగవలేదు.

"అటు నొప్పెడతాది," అంది. "నువ్వు అరుస్తావు."

"అరవను. ఇటెప్పుడూ నొప్పి లేదమ్మా. రా."

పిల్ల తండ్రి వైపు చూసింది. మామ్మ వైపు చూసింది.  కనకం కళ్ళు మూసుకుని, కుడి చెంప తిప్పి అలాగే కూర్చుంది.

చిన్నతల్లి ఒక అడుగు వెనక్కి వేసింది.